పెండ్లికి పోయి చూచిన ఇల్లు

అన్నగారి మనుమరాలి వివాహమునకై తిరుత్తణినుండి ఎలక్ట్రికు రైలున చెన్నపట్టణమునకు బయలుదేరితిమి. తిరువళ్ళూరున వియ్యాలవారును ఎక్కిరి. మొదట మెరీనా చూచితిమి. సముద్రమును చూచుట సులభము, అది ఏమియు అడుగదు!

పిమ్మట పిల్లలను మైలాపూరున రాయపేట హైరోడ్డు 126వ నంబరునకు తీసికొనిపోయితిమి. బులుసు సాంబమూర్తిగారి ఆ యింటనే పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని, 58వ నాడు, డిసెంబరు 15 రాత్రి, ప్రాణములు విడిచిరి. నేడక్కడ స్మారక భవనమున్నది.

"ఆయన తెచ్చిన రాష్ట్రములో మనము లేమా, తాతా?" అని మనుమరాలు అడిగెను.

ఉంటిమి. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమున, చిత్తూరు జిల్లాతోపాటు, మా తాలూకాయు చేరెను. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సర్దుబాటులో మరల మద్రాసు రాష్ట్రమున కలిసెను. ఏడేండ్లైనను నిండలేదు. ఇదంతయు తెలుగుననే చెప్పితిమి. నడుమ రెండు మాటలకు మాత్రము అది తమిళమున అర్థమడిగెను.

ఎదురుకోలునకు వేళ మించుచుండగా ఆటో ఎక్కితిమి.