ఎనభై ఒకటో అక్షరం

ఈ సంకలనంలో బడి గురించి, బావి గురించి, చెప్పు గురించి రాసినవాళ్లున్నారు. నేను కంప్యూటర్ల గురించి రాస్తున్న. ఒక చిన్న కంప్యూటర్ని ఒక పెద్ద కంప్యూటర్‌తో కలిపిన సంగతి. ఇందులో మనకేం పని అనుకోవద్దు. మన ఖాళీ పోస్టుల లెక్క ఆ తీగ మీదనే పోయింది.

1980ల చివర నేను ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో, హైదరాబాదు ప్రాంతీయ ఆఫీసులో ప్రోగ్రామర్ని. ఎస్సీ రిజర్వేషన్‌లోనే చేరిన. నేను చెప్పకముందే ఆ సంగతి సెక్షనంతటికీ తెలుసు. మా దగ్గర మినీ కంప్యూటర్ ఉండేది. అప్పటి బొంబాయిలోని పెద్దాఫీసులో ఐబీఎం తరహా మెయిన్‌ఫ్రేమ్. మా ప్రాంతంలో ఏ పోస్టు రోస్టర్‌లో ఏ పాయింటు మీదిది, ఎవరున్నరు, ఎప్పటినుంచి ఖాళీ - ఇదంతా మా మినీలో. సీనియారిటీ, ప్రమోషన్లు, సంస్థ మొత్తంలో ఖాళీలు - అదంతా మెయిన్‌ఫ్రేమ్‌లో.

ముందు టేపులే మోసేటోళ్లం. 2400 అడుగుల చుట్టలు సంచిలో పెట్టుకొని బొంబాయి రైలెక్కుడు. తర్వాత టెలిఫోన్ శాఖ దగ్గర లీజుకు లైను తీసుకొని, రెండు కొసలా మోడెములు పెట్టి రెండు యంత్రాలను కలపాలన్నరు. ఆ పని నా మీద పడ్డది.

తీగ కలిపితే మాట కలవదు. మా మినీ రాసేది ఆస్కీ కోడులో. మెయిన్‌ఫ్రేమ్ రాసేది ఎబ్సిడిక్‌లో. ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఒకదాంట్లో 65, ఇంకోదాంట్లో 193. వరస కూడా వేరు. ఆస్కీలో అంకెలు ముందు, అక్షరాలు తర్వాత. ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. మా పోస్టు నంబర్లలో రెండూ ఉండేవి. అదే జాబితాను అక్కడ సార్టు చేస్తే ఒక వరస, ఇక్కడ చేస్తే ఇంకో వరస. వరస కలవకుండా రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి సరిచూడలేం. జీతాల అంకెలు కోబాల్‌లో ఒక బైటుకు రెండు చొప్పున కుక్కి ఉంటయి. వాటిని అక్షరాలనుకొని కోడు మారిస్తే అంకెలన్నీ పాడైపోతయి. పంపే ముందే వాటిని విప్పి మామూలు అంకెలు చేయాలె. ఇవన్నీ చేసిన.

ఇక మర్యాదల సంగతి. మేము వాడిన పద్ధతిలో మెయిన్‌ఫ్రేమ్ తన ముందున్నది ఇంకో కంప్యూటర్ అని ఒప్పుకోదు. దానికి తెలిసింది కార్డులు చదివే యంత్రం, ప్రింటరు, టెర్మినల్. అందుకని మినీలో ఒక ప్రోగ్రాం పెట్టి దాన్ని 3780 అనే ఐబీఎం టెర్మినల్ లాగ నటింపజేస్తం. మినీకి సొంత బుద్ధి ఉన్నా, కార్డులు మింగే యంత్రంలెక్క నిలబడాలె. పంపొచ్చునా అని ముందు అడగాలె. సరే అంటే ఒక బ్లాకు పంపాలె. తప్పంటే అదే మళ్లా పంపాలె. ఒకే లైను మీద నాలుగైదు టెర్మినళ్లుంటే ఆ అడిగే వీలు కూడా లేదు. మెయిన్‌ఫ్రేమ్ ఒక్కొక్కదాన్నే పిలుస్తది. పిలిస్తేనే పలకాలె.

ఆ మాన్యువల్ చదువుతుంటే మా నాయిన యాదికొచ్చిండు. నల్లగొండ జిల్లాలో వెట్టి చేసిన మాదిగ. పట్వారీ దస్తరం నెత్తిన పెట్టుకొని ఊరినుంచి ఊరికి మోసిండు. చేరినంక వాకిట్ల నిలబడాలె, పిలిస్తేనే పలకాలె. ఆ మూటలో తన పేరు మీద భూమి రాసిన్రో, బాకీ రాసిన్రో ఆయనకు తెల్వదు. నేను చేసేది కూడా మోసుడే. కాకపోతే మా నాయిన నన్ను చదివించిండు.

ఒకరోజు రికార్డు లేఅవుట్ కాగితం బల్ల మీదికొచ్చింది. కార్డు అంటే 80 అక్షరాలు. పోస్టు నంబరు, పేరుకు 30 అక్షరాలు, తేదీలు, జీతం - అన్నీ కలిపి సరిగ్గా 80. ఆ పోస్టు ఎస్సీదా, ఎస్టీదా, జనరలా అని చెప్పే కేటగిరీ కోడు లేదు. దానికి కావాల్సింది ఒక్క అక్షరం.

అడిగిన. ఆఫీసరు, "అది మీ దగ్గర ఉండనే ఉందిగదయ్యా. ఎనభై నిండినయి. ఎనభై ఒకటో అక్షరం కార్డు పట్టదు" అన్నడు. పక్క సీటాయన నవ్వి, "కంప్యూటర్లోకి కూడా కులం తెస్తున్నవా?" అన్నడు.

"కులం ఆ పేరులోనే పోతున్నది సార్. రెడ్డి, రావు, శర్మ అని. ముప్పై అక్షరాలిచ్చిన్రు. ఒకటి తగ్గించి మాకియ్యండి" అన్న. ఎవరూ మాట్లాడలే.

నేను పట్టుబట్టింది ఊరికే కాదు. కోడు లేకుండా వచ్చిన ఖాళీని మెయిన్‌ఫ్రేమ్‌లోని ప్రోగ్రాం జనరల్ కిందనే లెక్కగట్టేది. అప్పటి రోస్టరు 40 పాయింట్లది. అందులో 6 ఎస్సీలవి, 3 ఎస్టీలవి. నింపని పోస్టును మూడు రిక్రూట్‌మెంట్ సంవత్సరాలే ముందుకు తీసుకుపోయేటోళ్లు. ఆ తర్వాత మురిగిపోయేది. అంటే ఎనభైలో చోటు దొరకని ఆ ఒక్క అక్షరం వెనుక ఎవరిదో నౌకరీ ఉన్నది. ఎక్కడో ఒక వాడలో డిగ్రీ చదివి ఖాళీగా కూసున్న పిల్లనో పిల్లగాడో ఉన్నరు.

మా ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘం కాగితం పెట్టింది. లైజన్ ఆఫీసరు దగ్గరికి పోయినం, మళ్లా మళ్లా పోయినం. నెలలు పట్టింది. చివరికి పేరు 29 అయింది, ఎనభయ్యో అక్షరం మనదయింది.

ఆ తర్వాత ఒక రాత్రి రెండు ఫైళ్లను సరిచూసే ప్రోగ్రాం నడిచింది. తెల్లారి ప్రింటరు నుంచి కాగితం దిగుతనే ఉన్నది. మా మినీలో "ఎస్సీ పాయింటు, ఖాళీ" అన్న పోస్టు అక్కడ "జనరల్, ఖాళీ". అట్లాంటివి వరసగా. యంత్రాలు విడిగా ఉన్నన్ని రోజులు రెండు లెక్కలూ చెల్లినయి. కలిపినంక ఒక్కటే చెల్లాలె. సంఘం ఆ జాబితా చేతబట్టుకొని ఒక్కో పోస్టు కోసం కొట్లాడింది. కొన్ని వచ్చినయి, కొన్ని మురిగినయి.

1997లో ఆ 40 పాయింట్ల రోస్టరు పోయింది. 2000లో 81వ రాజ్యాంగ సవరణ వచ్చి, నింపని రిజర్వుడు పోస్టులను ఆ ఏటి 50 శాతం పరిమితిలో కలపకుండా విడిగా నింపే వీలు కల్పించింది. యంత్రాలు కూడా మారినయి. ఐబీఎం 1980ల్లోనే ఎల్‌యూ 6.2 అనే పద్ధతి తెచ్చింది. అందులో చిన్న యంత్రం నటించక్కర లేదు. రెండు వైపులా ఎవరైనా ముందుగా మాట మొదలుపెట్టొచ్చు. మా ఆఫీసుకది ఆ రోజుల్లో రాలేదు.

ఇప్పుడు కార్డూ లేదు, ఎనభై లెక్కా లేదు. అయినా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఏ కాలమ్ పోవాలె, ఏది ఆగిపోవాలె అని ఎవరో ఒకరు నిర్ణయిస్తనే ఉన్నరు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ వచ్చి కులం రాసుకున్నరు. రాసుకున్నది ఉద్యోగాల లెక్కతో, చదువుల లెక్కతో కలిస్తేనే దానికి విలువ. కంప్యూటర్ చదువులు చదువుతున్న మన పిల్లలకు చెప్పేది ఇదే. తీగ ఎవరైనా కలుపుతరు. లేఅవుట్ రాసే బల్ల దగ్గర మీరు కూసోండి. చోటు లేదంటే, పేరులో ఒక అక్షరం తగ్గించమని అడగండి.