ముళ్ళపొద మీద అగ్నిశిఖ

పిల్లలూ! మీలో ఎందరు తలకోన చూశారు? తిరుపతి నుంచి భాకరాపేట, నేరబైలు మీదుగా వెళితే శేషాచలం కొండల నడుమ 270 అడుగుల ఎత్తునుంచి దూకే జలపాతం కనిపిస్తుంది. కిందటి భాద్రపదంలో మనమణ్ణీ, మనమరాలినీ వెంటబెట్టుకుని బయలుదేరాను. అయితే నేను చెప్పబోయేది జలపాతం సంగతి కాదు. దారిలో మమ్మల్ని నిలిపేసిన ఒక పువ్వు సంగతి.

అక్కడ నేలంతా రాళ్ళు. కలివి, బలుసు పొదలే ఎక్కువ. ఒక ముళ్ళపొద నెత్తిన మంటలు లేచినట్టు పువ్వులు!

"తాతయ్యా, పొద అంటుకుందా?" అన్నది మనమరాలు.

అది అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. దగ్గరికి వెళ్ళి చూశాము. అలల అంచుల రేకులు ఆరు, పైకి విరుచుకుని ఉన్నాయి. విడిచిన కొత్తలో పసుపు. రోజులు గడిచేకొద్దీ నారింజ, ఆపైన ఎరుపు. ఈ మొక్కకు తనంత తాను నిలబడే బలం లేదు. అందుకని ఆకు కొననే నులితీగగా చుట్టి, పక్క పొదను పట్టుకుని ఎగబాకుతుంది. వేసవిలో దీని జాడే ఉండదు. నేలలో దుంప నిద్రపోతూ ఉంటుంది. వానలు పడగానే మళ్ళీ మొలుస్తుంది.

"దుంప తవ్వి మన దొడ్లో వేద్దాం," అంటూ మనమడు పుల్ల అందుకున్నాడు.

మేకలు తోలుకొస్తున్న ఒక ముసలాయన, "వద్దు నాయనా! అది కలప్పగడ్డ. తింటే ప్రాణం తీస్తుంది," అని కేకవేశాడు.

ఆయన మాట నిజమే. దుంప నాగలిలా వంకరగా ఉంటుంది. సంస్కృతంలో దీన్ని లాంగలి అంటారు. దుంపలోనూ, గింజల్లోనూ కాల్చిసిన్ అనే విషం ఉంది. వైద్యులు కొలిచి, అతి కొద్దిగా ఇస్తే అదే గౌట్ అనే కీళ్ళజబ్బుకు మందు. మొక్కల క్రోమోజోములను దానితో రెట్టింపు చేయవచ్చునని 1937లో శాస్త్రజ్ఞులు చూపారు. గింజల్లేని పుచ్చకాయ ఆ మార్గానే వచ్చింది. తమిళనాడు రాష్ట్రపుష్పం ఇదే. అక్కడి రైతులు గింజలకోసం దీన్ని పెంచుతారు. కాని మందుకని అడవి దుంపలు తవ్వేయటంవల్ల చాలాచోట్ల ఇది అరుదైపోయింది.

అప్పుడు పిల్లలకు నా తప్పు ఒకటి చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాఠం కోసమని ఊరి కంచెమీది తీగను దుంపతో సహా పెకలించి బడికి తెచ్చాను. పాఠం బాగానే సాగింది. మరుసటి ఏడు ఆ కంచెమీద పువ్వు లేదు. "ఏది మాస్టారూ?" అని పిల్లలు అడిగితే తల వంచుకున్నాను.

మనమడు పుల్ల పారేశాడు. ఇద్దరూ పువ్వును ముట్టకుండా బొమ్మ గీసుకున్నారు. వచ్చే భాద్రపదంలో మళ్ళీ ఆ పొద దగ్గరికే వెళతాము. దుంప అక్కడే ఉన్నది కదా!