విమానాల కింద... వాల్వు వెలుగు!

శంషాబాద్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది విమానాశ్రయమే. 2008 మార్చి 23న బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఇక్కడికి తరలివచ్చాక ఊరికి ఆ పేరే స్థిరపడిపోయింది. మెహిదీపట్నంలో ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకు పైగా గాల్లోనే ప్రయాణం. ఆపై బెంగళూరు రోడ్డు. అయితే టెర్మినల్ దారి వదిలి పాత ఊళ్లోకి మళ్లితే ఇంకో శంషాబాద్ పలకరిస్తుంది. కూరగాయల బండ్లు, కిరాణా కొట్లు, ఉందానగర్ అని బోర్డు పెట్టుకున్న రైల్వేస్టేషను. ఆ వీధుల్లోనే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఓ రేకుల కొట్టు. దాని బల్ల మీద మొన్న ఓ వింత వస్తువు కనిపించింది. తుప్పుపట్టిన ఇనపపెట్టె, నెత్తిన మూడు గాజు బుడ్లు... వాల్వు ఆంప్లిఫయర్!

పెళ్లింటి ముందు వేపచెట్టుకు హారన్ కట్టి మోగించే పెద్ద మైకుసెట్టు కాదిది. గ్రామఫోనుకు తోడుగా ఇంట్లో పాడే బుల్లి సెట్టు. మహా అయితే ఐదు వాట్లు. తెచ్చినాయన ఎనభై దాటిన పెద్దమనిషి. ఒకప్పుడు రైతు. విమానాశ్రయం కోసం తీసుకున్న దాదాపు 5,500 ఎకరాల్లో ఆయన చెలక కూడా ఉంది. వచ్చే నెల మనుమరాలి లగ్గమట. ‘‘డీజే ఎట్లాగూ ఉంటది బిడ్డా. పొద్దుగాల గిదొక్క పాట పాడితే చాలు’’ అన్నాడు మెకానిక్‌తో. పాడుతుందో లేదో ఆయనకూ తెలియదు. ముప్ఫై ఏళ్లుగా అటక మీదే ఉందది.

ఈ గాజు బుడ్ల కథ 1904లో బ్రిటన్‌లో ఫ్లెమింగ్‌తో మొదలైంది. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల్లో రేడియో వాల్వులు తయారుచేసింది. లోపల గాలి ఉండదు. ఫిలమెంటు 6.3 వోల్టులతో ఎర్రబడి కేథోడును వేడెక్కిస్తే, దాన్నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో జల్లెడలాంటి గ్రిడ్డు. చెరువు తూము దగ్గర తలుపు కాస్త కదిలిస్తే కాలువ నిండా నీరు పెరిగి తగ్గినట్టు, గ్రిడ్డు మీది నీరసపు సిగ్నలు ఆ పరుగునంతా ఆడిస్తుంది. అంతే సంగతి!

ఫొటో తీద్దామని వంగితే మెకానిక్ గదమాయించాడు. ‘‘చెయ్యి పెట్టకు సారూ, కరంటు బందుజేసినా కొడ్తది!’’ నిజమే. ప్లేటు మీద 250 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లు దాన్ని దాచుకుంటాయి. రెసిస్టెన్స్ ఆనించి ఆ ఛార్జి దించి, మీటరులో సున్నా చూశాకే ఆయన వేలు పెట్టాడు. ముందుగా ట్రాన్స్‌ఫార్మర్లు చూశాడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంటే మళ్లీ చుట్టించాలి. అది అందరి చేతా అయ్యే పని కాదు. మీటరు ముల్లు కదిలింది. పెద్దాయన కూడా కదిలి కూర్చున్నాడు.

కరంటు నేరుగా ఇవ్వలేదు. అరవై వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టాడు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. ఈ పాత చిట్కాకు ఇప్పటికీ తిరుగులేదు. బల్బు మసకగానే వెలిగింది. కానీ కాసేపటికి ఈఎల్84 వాల్వులో ప్లేటు ఎర్రబడసాగింది. టక్కున ఆపేశాడు. దొంగ దొరికింది... ఈసీసీ83 నుంచి ఈఎల్84కు పాటను దాటించే చిన్న కండెన్సరు! పాటను వదిలి డీసీని ఆపడం దాని పని. కాగితం పొరల పాతకాలపుది కదా, తేమపట్టి డీసీనీ వదిలేస్తోంది. సున్నా ఉండాల్సిన గ్రిడ్డు దగ్గర పదకొండు వోల్టులు!

కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త కండెన్సర్లు దొరికాయి. వాల్వు పోయినా కొంపేం మునగదు. గిటారు వాయించేవాళ్ల పుణ్యమా అని స్లొవేకియా, చైనా, రష్యాల్లో ఈ రకాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ధరే కాస్త ఘాటు. ఇక వైరింగు. అతికించడం తేలికే, ఎక్కడ అతికించాలన్నదే విద్య. ఫిలమెంటు తీగలు రెంటినీ జడలా మెలేసి ఛాసిస్ మూలకు అదిమాడు. గ్రిడ్డు తీగను పొట్టిగా కత్తిరించి, కరంటు తీగలకు దూరంగా నడిపాడు. ఎర్తులన్నీ ఒక్కచోటికే చేర్చాడు. ఇవి తప్పితే పాట వెనకాల తుమ్మెద గుయ్యిమంటూనే ఉంటుంది. పాత రెండుకాళ్ల ప్లగ్గు తీసేసి, మూడోకాలును ఇనపపెట్టెకే కలిపాడు. ఇంట్లో పిల్లలున్నవాళ్లకు ఈ ఒక్క మార్పూ చాలా ముఖ్యం.

మూడోరోజు సాయంత్రం స్పీకరు తగిలించి స్విచ్చి వేశారు. అరనిమిషం ఏమీ లేదు. వాల్వులు వేడెక్కాక చిటపటల మధ్య నాదస్వరం మొదలైంది. అంతలో నెత్తిమీద విమానం. రేకులు అదిరి, పాట మునిగిపోయింది. అది దాటేదాకా పెద్దాయన చెయ్యి ఎత్తి పట్టుకునే ఉన్నాడు, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు. మళ్లీ నాదస్వరం వినబడ్డాకే దించాడు.

ప్లేటు రంగు చూస్తూ గంటసేపు అలాగే పాడించాడు మెకానిక్. ఎర్రబడలేదు. తర్వాత సుద్దముక్క తీసుకుని పెట్టె మీద పెద్దక్షరాలతో రాశాడు: ‘స్పీకరు లేకుండా వెయ్యొద్దు.’ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుందట. ‘‘లగ్గంల పోరగాళ్లు ముట్టకుంట చూస్కో పెద్దయ్యా’’ అంటూ పెట్టెను ఆటో ఎక్కించాడు.