తుపాను బిల్డింగు

మా మేనత్త పెళ్లి తుపాను బిల్డింగులో జరిగింది. పెళ్లికొడుకు మొహం ఇప్పుడు గుర్తు లేదు గానీ, పీటల వెనక నల్లబల్ల మీద ఎవరో చెరపకుండా వదిలేసిన పదమూడో ఎక్కం గుర్తుంది. పగలు అది మా బడి. రాత్రి పంచాయతీ మీటింగు. ఓట్లొస్తే పోలింగు బూత్. పెళ్లి ఉందంటే మాకు సెలవు.

దివిసీమలో సముద్రం దగ్గరి ఊళ్లకి 1977 ఉప్పెన తర్వాత వచ్చిన కట్టడాలివి. లావుపాటి స్తంభాలు, వాటి మీద పెద్ద గది, బయటి నుంచి మెట్లు, పైన డాబా. ఉప్పెన నీళ్లు స్తంభాల మధ్య నుంచి పోవాలని కింద గోడలు కట్టలేదు. ఆ నీడలో ఏడాది పొడుగునా మేకలు, వలలు అల్లుకునేవాళ్లు, పులీ మేకా ఆడే ముసలాళ్లు. వేసవిలో ఊరు మొత్తానికి అంత చల్లటి చోటు ఇంకోటి లేదు.

నాయనమ్మ మాత్రం మెట్లెక్కేది కాదు. కూతురి పెళ్లికి కూడా కిందే కూర్చుంది. "పోయినోళ్ల పేరు చెప్పి కట్టిన ఇంట్లో భోజనాలేంట్రా" అనేది. 1977 నవంబరు 19, శనివారం. ఆ రాత్రి ఆమె తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ముళ్లు దిగిన మచ్చలు మోచేతుల మీద ఉండేవి. ఆ ఉప్పెనలో దెబ్బతిన్న సొర్లగొంది ఊరి పేరు ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి పోయేది. దివిసీమలో పదివేల మంది పోయారన్న లెక్క నేను కాలేజీకొచ్చాక పుస్తకంలో చదివాను. ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఇంట్లో వినపడేవి వేరే: హెలికాప్టరు నుంచి పడ్డ తిండి పొట్లాలు, సాయం పనుల్లో తిరిగిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరు, ఎవరిదో తెలియని గేదె మా గడ్డివాము చోట తేలడం.

1990 మే నెల. ఆదివారం ఆ గదిలోనే పంచాయతీ టీవీలో మహాభారతం చూశాం. బుధవారానికి అదే గదిలో ఊరంతా కూర్చుంది. తుపాను వస్తోందని ముందురోజే టముకు వేశారు, జీపులో మైకు పెట్టి తిరిగారు. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని త్వరగానే వచ్చారు. మగవాళ్లు గొడ్లను వదిలి రామని మొండికేశారు. చివరికి గొడ్ల పలుపులు విప్పేసి చీకటి పడుతుండగా వచ్చారు. పక్కూరి షెల్టరుకి తాళం వేసి ఉందనీ, తాళంచెవి పట్టుకెళ్లినాయన ఊళ్లో లేడనీ, గునపంతో తలుపు బద్దలు కొట్టారనీ తర్వాత విన్నాం.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంబరంగా ఉంది. నేస్తాలంతా ఒకేచోట, రాత్రంతా మేలుకోవచ్చు! తడిసిన దుప్పట్ల వాసన, కిరసనాయిలు వాసన, ఎవరి మూటలోంచో ఎండుచేపల వాసన. నాయనమ్మని నాన్న ఎత్తుకుని మెట్లెక్కించాడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. తెల్లారేదాకా వదల్లేదు. "చెయ్యి నొప్పెట్టడం లేదా నాయనమ్మా?" అంటే, "పడుకోరా" అంది.

ఆ గదిలో ఎవరెక్కడ కూర్చోవాలో ఒకరు చెప్పకుండానే సర్దుకున్నారు. మాలపల్లె వాళ్లు మెట్ల వైపు, జల్లు కొట్టేచోట. నడిరాత్రి ఆ వైపు తలుపు ఊడిపోయాక అందరూ ఒకే గోడకి చేరారు. తెల్లారి మళ్లీ ఎవరి దారి వాళ్లది. ఇది నేను చూశానో, పెద్దయ్యాక నాన్న చెబితే చూసినట్టు అనిపిస్తోందో ఇప్పుడు తేల్చుకోలేను. తలుపు పడ్డ చప్పుడు మాత్రం నా చెవుల్లోదే.

మా ఊళ్లో గొడ్లు పోయాయి, ఇళ్లు పోయాయి. మనుషులు మిగిలారు. రాష్ట్రం మొత్తంలో ఆ తుపానుకి చనిపోయినవాళ్లు వెయ్యిలోపే. లక్షల మందిని ముందే కదిలించడం వల్ల.

నాయనమ్మ ఆ తర్వాత ఒక్కసారే తనంతట తను ఆ మెట్లెక్కింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన సారా వద్దన్న గొడవ మా దాకా వచ్చి, ఆడవాళ్లు సాయంత్రాలు అక్కడ కూడుతున్న రోజులు. ఆమె అక్కడ ఏమీ మాట్లాడలేదట. ఇంటికొచ్చి బాబాయి దాచుకున్న సారా పాకెట్లు ఒక్కొక్కటే కోసి పెరట్లో ఒంపేసింది. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారా ఆపేసింది. బాబాయి వేరేది వెతుక్కున్నాడు, అది వేరే కథ.

ఈమధ్య వెళ్లి చూశాను. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటు పెచ్చులూడుతోంది. స్తంభాల్లో ఊచలు బయటపడ్డాయి. బడికి వేరే భవనం వచ్చింది. పెళ్లిళ్లు అవనిగడ్డ ఫంక్షన్ హాళ్లకి పోయాయి. పెళ్లి ఉందంటే ఎవరో ఒకరు సున్నం వేయించేవాళ్లు, పగుళ్లు పూడ్పించేవాళ్లు. ఆ పని ఆగిపోయింది. బాగుచేయించాలంటే నిధులు లేవంటారు. నన్నడిగితే నిధులకన్నా ముందు ఆగింది రాకపోకలు. ఇప్పుడు తలుపుకి పెద్ద తాళం.

టీ కొట్టు దగ్గర అడిగాను, తాళంచెవి ఎవరి దగ్గరుందని. ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. మీది సముద్రం దగ్గరి ఊరైతే, ఈ కార్తీకం లోపల మీరూ ఒకసారి అడిగి చూడండి.