సారు చెప్తే కాదంటామా!

నల్లమల అంచున, ఆత్మకూరు వైపు పల్లెల్లో మందు మొక్కల సర్వేకి తిరిగిన రోజుల్లో నా సంచిలో లేనిది లేదు. పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టిన మొక్కలు, మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద గాంబుల్ 1915లో మొదలుపెట్టిన గ్రంథం జిరాక్సులు, గళ్లు గీసిన ఫారాలు. పుస్తకాల్లో ఉన్నవి ఊళ్లో ఉన్నాయో లేదో చూసుకుంటే సర్వే అయిపోయినట్టే అనుకున్నాను.

రచ్చబండ మీద పెద్దమనుషులకు నేల ఉసిరి చూపించి, "ఇది కామెర్లకు వాడతారు కదా?" అనేవాణ్ణి. "ఆ, వాడతాం సారూ." పొడపత్రి చూపించి, "షుగరుకు కదా?" "ఆ, షుగరుకే." టిక్కు, టిక్కు. మీరైనా అంతే చేసేవారు. తల ఊపే మనిషి ఎదురుగా ఉంటే పని ఎంత సుఖంగా సాగుతుందో!

రాత్రిళ్లు లెక్క. 1986లో ట్రాటర్, లోగన్ చెప్పిన సూత్రం ఒకటుంది. ఒక జబ్బుకు ఎవరెవరు ఏ మొక్క చెప్పారో చూసి, జనం మాట ఎంతవరకు కలిసిందో కొలుస్తారు. అందరూ ఒకే మొక్క చెబితే 1, తలా ఒకటి చెబితే 0. కామెర్ల దగ్గర నాకు సరిగ్గా 1 వచ్చింది. అక్కడే అనుమానం రావాలి. నేనేమో మురిసిపోయి వ్యాసానికి పేరు కూడా ఆలోచించుకున్నాను.

ఓ సాయంత్రం చేనిగట్టు దిగుతూ జారి మోకాలు గీరుకుంది. కలుపు తీస్తున్న అవ్వ గాయపాకు తుంచి, అరచేతిలో నలిపి పసరు పిండింది. అది నా జాబితాలో లేదు. అమెరికా నుంచి వచ్చిన కలుపని వదిలేశాను, చిన్నప్పుడు పలక తుడిచిందీ, దెబ్బలకు రాసుకున్నదీ ఆ ఆకే అయినా. మాటల్లో మాటగా, "నేల ఉసిరి మీ ఇంట్లో ఎవరికి వాడారవ్వా?" అన్నాను.

"మేమెప్పుడు వాడినాం నాయనా? మా ఇంటాయన అవునన్నాడా? అంత దూరం నుంచి వచ్చి సారు చెప్తాంటే కాదంటామా!"

మోకాలి మంట మర్చిపోయాను. ఒక్కో టిక్కూ గుర్తొచ్చింది, దాని ముందు నేనన్న "కదా"తో సహా. నా మాటనే ఊరూరా తిప్పి, తిరిగి నేనే రాసుకుని, దానికి దశాంశాలు కట్టాను. వాళ్లు చేసిన మర్యాదను డేటా అనుకున్నాను.

అవే ఫారాలు పట్టుకుని మళ్లీ బయల్దేరాను, ఈసారి ఆడవాళ్ల దగ్గరికి కూడా. మొక్క సంచిలోనే ఉంచి, "కామెర్లొస్తే ఏం చేస్తారు?" అని మాత్రం అడిగాను.

"ఏం చేస్తాం, ఆస్పత్రికి పోతాం" అన్నారు చాలామంది. ఆ జవాబు రాసుకోవడానికి నా ఫారంలో గడే లేదు.