ఫీజు లెక్క పిల్లల ముందే వేద్దాం

ఎప్‌సెట్ ర్యాంకులు రాగానే కాలేజీ గురించి, బ్రాంచి గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. ఫీజు మాట మాత్రం పిల్లలు పడుకున్నాక భార్యాభర్తల మధ్య గొంతు తగ్గించి నడుస్తుంది. అరెకరం అమ్ముదామా, గాజులు తాకట్టు పెడదామా అని. తెల్లారితే కొడుకుతో, "డబ్బు సంగతి మేం చూసుకుంటాం, నువ్వు చదువుకో నాన్నా" అంటారు. ఆ మాట నిండా ప్రేమే. అయినా పదిహేడేళ్లు వచ్చిన పిల్లల ముందు ఆ లెక్క పెట్టి తీరాలని నా గట్టి నమ్మకం.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని అందరూ కూర్చోండి. ఒక్కో కాలేజీ పేరు ఎదురుగా ట్యూషన్ ఫీజు, దాని పక్కన హాస్టల్ లేదా బస్సు ఫీజు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, పండక్కి వచ్చి వెళ్లే చార్జీలు రాయండి. నాలుగేళ్లకు కలిపి మొత్తం కట్టండి. అందులోంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేయండి. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకుంటే ఇంజినీరింగ్ ఫీజు పూర్తిగా వస్తుంది. ఆ పైన ర్యాంకులకు సాధారణంగా ఏడాదికి రూ.35,000 వరకే. ప్రభుత్వం నుంచి బకాయిలు రాకపోతే సర్టిఫికెట్లు ఇచ్చేముందు కాలేజీ ఆ డబ్బు మనల్నే అడగొచ్చు. అందుకూ కొంత పక్కన పెట్టుకోవాలి. ఆ కాగితం చూశాక, "ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీలోనూ ఈ బ్రాంచి ఉంది కదా నాన్నా" అని పిల్లలే అంటారు.

ఈ పని పదో తరగతి అవగానే చేస్తే ఇంకా మేలు. చాలా ఇళ్లలో దాచిందంతా ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీకే అయిపోయి, బీటెక్ నాటికి చేతిలో ఏమీ మిగలదు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు చేర్చుకుంటాయి. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే అసలే కట్టక్కర్లేదు, 5 లక్షల లోపుంటే మూడో వంతు కడితే చాలు. ఇవి ముందే తెలిస్తే పిల్లల ఆశకు ఒక దారి కనబడుతుంది.

ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం రూ.250తో నడుస్తుంది. పాపకు 18 నిండినా, పదో తరగతి పాసైనా, ఖాతాలో ఉన్న దాంట్లో సగం దాకా పైచదువుకు తీసుకోవచ్చు. పెళ్లికని దాచిన ఆ డబ్బుకు మొదటి హక్కు చదువుదే.

అప్పు తప్పదనుకుంటే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి పోకండి. అది ఏడాదికి 24 శాతం. బ్యాంకులు 4 లక్షల వరకు విద్యారుణం తాకట్టు లేకుండా ఇస్తాయి. చదువయ్యాక ఏడాది దాకా వాయిదాలు ఉండవు, వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. ఏటా మొదట్లో లక్ష చొప్పున తీసుకున్నారనుకోండి. 10 శాతం సాధారణ వడ్డీ చొప్పున కోర్సు ముగిసేసరికి లక్ష, ఆ మరుసటి ఏడాదికి ఇంకో 40,000. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5 లక్షల 40 వేలు. చదువుతుండగానూ, ఆ మరుసటి ఏడాదీ వడ్డీ కడుతూ వస్తే బాకీ 4 లక్షల దగ్గరే ఆగుతుంది. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు రూ.850 లోపే. ఆ రుణంలో పిల్లల పేరూ ఉంటుంది, సంతకం వాళ్లూ పెడతారు. అలాంటప్పుడు ఈ లెక్క వాళ్లకు తెలియకుండా ఎలా?

ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమంది పేర్లూ ఆ కాగితం మీద ఉండాలి. కొడుకు మేనేజ్‌మెంట్ సీటుకు ఉన్నదంతా ఊడ్చిపెట్టి, కూతురికి దగ్గర్లోని ఏదో ఒక కాలేజీతో సరిపెట్టిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఇద్దరి చదువుకూ అయ్యేది పక్కపక్కన రాసి, ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించిన ఇంట్లో ఆ అన్యాయం చేయడానికి ఎవరికీ మనసు రాదు.