అరచేతిలో గడ్డ

ఒంటిమీద ఎక్కడ గడ్డ కనిపించినా మన పల్లెల్లో మొదట వినిపించే మాట క్యాన్సరు. ఆ మాటకు జడిసి గడ్డను దాచుకొనేవారి కోసం మా ఇంట జరిగినది వ్రాస్తున్నాను.

మా అత్తగారి కుడి అరచేతిలో, బొటనవ్రేలి మొదట్లో, మెత్తని ఉబ్బు మూడేళ్లపాటు మెల్లగా పెరిగింది. నొప్పి లేదు. తరువాత బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కసాగాయి. కొడవలి పట్టు జారిపోయేది. ఒకరు వాత పెట్టమన్నారు. ఒకరు జిల్లేడు పాలు పూయమన్నారు. కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందని మరొకరు బెదిరించారు. "ఈ చెయ్యి పోతే మీకు బరువైపోతానమ్మా" అని ఆమె కన్నీరు పెట్టుకున్నారు. "ప్రార్థన చేసుకుని ఆస్పత్రికి వెళదాం అత్తయ్యా" అన్నాను.

డాక్టరుగారు గడ్డను నొక్కి, కదిపి, వ్రేళ్ల స్పర్శ పరీక్షించారు. స్కానింగు, ఆపైన ఎమ్మారై తీయించారు. "ఇది లైపోమా, అంటే కొవ్వు గడ్డ. క్యాన్సరులా కనిపించడం లేదు. చేతికి అరుదుగా వస్తుంది. నరాన్ని నొక్కుతోంది గనుక తీసివేయాలి" అన్నారు. మణికట్టు మీద తరచు వచ్చే గడ్డలో జిగట నీరుంటుందట. ఇందులో ఉన్నది కొవ్వు గనుక పూతలకు కరగదు.

చేతికి మాత్రమే మత్తిచ్చి, నరాలకు దెబ్బ తగలకుండా పసుపుపచ్చని ముద్దను పొరతో సహా తీశారు. దానిని ల్యాబుకు పంపి కొవ్వు గడ్డేనని రూఢి చేసుకున్నారు. పూర్తిగా తీసినది మళ్లీ రావడం అరుదు. తిమ్మిరి మాత్రం తగ్గడానికి కొన్ని నెలలు పట్టింది. ఈ ఏడు ఆమె వరి కోతకు వెళ్లారు. దేవునికి స్తోత్రం.

ప్రతి కొవ్వు గడ్డకూ ఆపరేషను అక్కర లేదు. డాక్టరు చూసి చెప్పిన తరువాత, చిన్నదై బాధ పెట్టనిదాన్ని గమనిస్తూ ఉంటే చాలు. త్వరగా పెరిగినా, 5 సెంటీమీటర్లు మించినా, గట్టిగా ఉన్నా, నొప్పి, తిమ్మిరి ఉన్నా ఆలస్యం చేయరాదు. వాతలు, పసరులు వద్దు.

వైద్యానికి వెళ్లడం విశ్వాసలోపం కాదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసి, అవి మళ్లీ పనిచేసేలా చేశారు. మీ ఇంటి పెద్దల చేతులు ఒకసారి చూడండి. అడిగితేనే గాని వారు చెప్పరు. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక.